తరుగు

ముప్ఫయ్యొక్కేళ్ళు సొసైటీ బ్యాంకులో
తాకట్టు బంగారానికి వన్నె కట్టినవాణ్ణి.
నానుతాడులో మాటు ఎంతో, గుళ్ళల్లో లక్క ఎంతో,
ఒక్కోసారి ఏది ఎవరింటిదో కూడా
గీత చూసి చెప్పేవాణ్ణి.
ఇవాళ నా ఎర్రగుడ్డ మీద
జానెడు ప్లాస్టిక్ ఆడమనిషి పడుకుని ఉంది.

"బొమ్మేనండి. కానీ ఉత్త బొమ్మ కాదండి"
అన్నాడు నేలపూడి ప్రభుదాసు.
అంబాజీపేట మార్కెట్టుకి కాయలు తోలే ఆటో
వాకిట్లో వేడి దిగక ఇంకా టిక్కుమంటోంది.
చెన్నైలో ఎవరో కొంటారట.
మూడో మనిషి చూసి రాసిన కాయితం కావాలట.
భూతద్దం ఉన్న మూడో మనిషిని
ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణేనట.

పేరు కెప్టెన్ నిశార.
'ఉప్పుగ్రహం' అనే బొమ్మల కథలో
ఎండిన సముద్రాల మీద ఓడ నడుపుతుంది.
ఆ పుస్తకమూ తెచ్చాడు, అట్ట లేదు.
ఇంగ్లీషు. ఇద్దరికీ అంతంతమాత్రం.
ఒక పుట నిండా నేల మీద తెల్లగా పూసిన ఉప్పు.
"ఇదెక్కడో నాకు తెలుసు" అన్నాను,
"ఓడలరేవు దగ్గర మా బావమరిది చేను."
నవ్వాడు.

సరే, పని.
తూకం నూట ఎనభై ఆరున్నర గ్రాములు.
అలవాటు చొప్పున గీటురాయి తీసి
సిగ్గేసి లోపల పెట్టేశాను.
పద్నాలుగు కీళ్ళు. ఎడమ మోకాలు వదులు.
పాదం కింద కంపెనీ ముద్ర, ఒక అంకె.
కళ్ళకి రంగేసినవాడు చెయ్యి తిరిగినవాడు,
రెప్ప అంచు వెంట్రుకవాసి చెదరలేదు.
తల మీది గాజుబుర్రకి పంటిగాటు.
"నీదా?"
"కాదండి. ఆ సేటు కొడుకుదండి."
మస్కట్‌లో రాహేలు పెద్దమ్మ పనిచేసిన ఇంట్లో
వాడు విసుగెత్తి పారేస్తే
పాలపొడి డబ్బాలో పెట్టి తెచ్చిందట.
అసలు పెట్టె ఉంటే మూడింతలు పలికేదట.
డబ్బాకి లెక్క లేదట.

కుడిచేతి దగ్గర ఆగాను.
ఒంటికీ దానికీ ఒక వన్నె తేడా.
"ఇది మార్చిన చెయ్యి" అన్నాను.
గిల్టు గొలుసులు తెచ్చేవాళ్ళతో మాట్లాడిన గొంతే
నాకు తెలీకుండా వచ్చేసింది.

"మార్చలేదండి. కాలవలో ఉందండి."

తొమ్మిదేళ్ళప్పుడు, వంతెన మీద
ఎగరేసి పట్టుకుంటుంటే చెయ్యి ఊడి
పంటకాలవలో పడింది.
భాద్రపదం. నిండు నీళ్ళు. దిగితే కొట్టుకుపోతాడు.
పిట్టగోడ మీద మేకుతో గీత గీసి
ఎనిమిది నెలలు ఆగాడు.
వేసంగిలో కాలవలు కట్టేసిన మర్నాడు
గేదెల కంటే ముందు దిగాడు.
గీతకి సూటిగా కాదు,
నీరు లాగే వైపు ఇరవై అడుగులు వదిలి
వాళ్ళమ్మ జల్లెడతో ఒండ్రు పట్టాడు.
మూడో రోజు దొరికింది.

అద్దం పెట్టి కీలు లోపల చూశాను.
పాదం కింది అంకే భుజం గుంటలోనూ ఉంది.
అంకె గాడిలో, సూదిమొనంత,
గోదారి ఎర్రమట్టి.
పుల్లకి దూది చుట్టి సబ్బునీళ్ళతో తుడిస్తే
సగం వన్నె తిరిగొస్తుంది.
తుడవలేదు.
అతనూ అడగలేదు.

మా కాయితంలో గళ్ళు తక్కువ.
బరువు, వన్నె, తరుగు.
తరుగు దగ్గర కలం చాలాసేపు నిలబడింది.
"కుడిచెయ్యి అసలుదే.
ఎనిమిది నెలలు కాలువలో ఉన్నది.
అందుచేత రంగు దిగినది."
వెల దిగిందో పెరిగిందో
చెన్నైవాడే కట్టుకోవాలి.

"పిడికిట్లో ఏదో ఉండాలే?"
"తుపాకీ అండి. చేత్తోపాటే పడిందండి.
అది మాత్రం..."
చెవుల దగ్గర నెరిసిన జుట్టు గోక్కున్నాడు.
"ఏటా కట్టేసినప్పుడు ఓసారి దిగుతానండి. ఊరికే."
తుపాకీ లేదు, అని రాసి సంతకం పెట్టాను.
చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో దోపి
గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అమ్మేశాక దొరికిందనుకోండి మాస్టారూ,
అప్పుడది ఎవరిదండి?"

ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసు.
మళ్ళీ కూర్చోమన్నాను.