ముప్పై ఆరు

పేపర్లో విశాఖ పక్కన ముప్పై ఆరు అని వేశారు.
రెంటచింతల పక్కన నలభై ఆరు.
"మనం నయమే" అన్నాడు తవిటినాయుడు
బనీను విప్పి పిండుకుంటూ.

పేపరుకేం,
అది మా రేకుల కింద పడుకోదు.
సముద్రం ఈ ఊళ్లోనే ఉందంటారు,
దాని గాలి మాత్రం కంచరపాలెం మెట్టు దాకా వచ్చి
ఎవరో కేకేసినట్టు వెనక్కి పోతుంది.
చెమట పడుతుంది. ఆరదు.
ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది, అంది నర్సమ్మ కుసుమకుమారి.
నలభై ఏళ్లుగా తుడుచుకుంటున్నా
చెమటకి ఒక పనుందని నాకు తెలీదు.

పోయినేడు మే నెల, పోర్టు యార్డులో,
బొగ్గు గుట్ట పక్కన
నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడు.
అప్పటికే ఒళ్లు పొడిగా, పెనంలా ఉందట.
పేరడిగితే వాళ్ల నాన్న పేరు చెప్పాడట.
మేస్త్రీ తాగొచ్చాడనుకున్నాడు.
ఎవరో లారీ క్లీనరు, మీసం కూడా రాని గుంటడు,
నీడకి లాగి, ట్యాంకరు పైపు తెచ్చి
తల మీద, చంకల్లో, మెడ మీద నీళ్లు వదిలాడట
అంబులెన్సు వచ్చేదాకా.
కేజీహెచ్‌లో మూడో రోజు
నన్ను నా పేరు పెట్టి పిలిచాడు.
పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఈ ఏడు మా ఇంటికి చట్టాలొచ్చాయి.
రేకులకి సున్నం, రెండు పూతలు.
కిటికీకి తడి గోనె.
పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు గడప దాటకూడదు,
క్రికెట్టుకైనా, ఐసు బండి గంటకైనా.
పొద్దున్నే అందరికీ చోడి అంబలి, ఉల్లిపాయ, ఉప్పు కాస్త ముందుకి.
"ఇది మందని సెప్తన్నారేటే" అని నవ్వింది అత్త సింహాచలమ్మ,
"మేం ఇంకేటీ లేక తాగీవోళ్లం."

బాత్రూం తలుపు మీద యశస్విని
క్రేయాన్లతో మూడు పట్టీలు గీసింది.
మజ్జిగ తేట రంగు: పర్లేదు.
పసుపు నీళ్లు: చెంబుడు తాగు.
టీ డికాషను: అమ్మని పిలు.
తవిటినాయుడు సిగ్గుపడి
రెండు రోజులు ఆ తలుపు వైపు చూడలేదు.
ఇప్పుడు డ్యూటీ దిగి, చెప్పులు విప్పకముందే
గుమ్మంలోంచి "తేట" అంటాడు.
మా ఇద్దరి మధ్య ఇంతకంటే మంచి మాట లేదు.

ఆదివారం ఎండ వాలాక బీచికి.
చిన్నోడు ఒక చోట చూపించాడు:
అటూ ఇటూ కెరటాలు విరిగి నురగలు కక్కుతుంటే
మధ్యలో బాటలా ఒక నున్నటి నీలం.
"అమ్మా, అక్కడైతే కెరటం లేదు, దిగుతా."
వల బాగుచేసుకుంటున్న జాలరి ఎల్లాజీ
తలెత్తకుండానే అన్నాడు:
"ఆడే లాక్కుపోద్ది, బాబూ.
ఇరిగే కెరటం ఒడ్డుకి తోస్తాది.
ఇరగనిదే తీసుకుపోద్ది."
మేం మోకాళ్ల దాకా కూడా దిగలేదు.
ముంజలు తిని, ఇసకలో కూర్చుని,
ఆ నీలాన్నే చూశాం చాలాసేపు.
పోయినేడు ఆయన కూడా
కూలేదాకా అలాగే నిమ్మళంగా ఉన్నాడు.

ఇంకొకటి.
రోజూ రెండు సీసాలు నింపమంటాడు,
బొగ్గు మసి పట్టిన పాత సీసాలు, తడి గుడ్డ చుట్టి.
ఒకటి తనకి.
రెండోది పట్టుకుని, యార్డులోకొచ్చే ప్రతి లారీ దగ్గరా
క్లీనరు మొహంలోకి చూస్తాడట.
"పోయినేడు మేలో... నువ్వేనా?"
కాదంటారు.
వాళ్లకే ఇచ్చేస్తాడు.
సాయంత్రం ఖాళీ సీసాలు రెండూ గట్టు మీద పెట్టి
"ఇవాళా దొరకలేదు" అంటాడు.

కడిగి బోర్లిస్తాను.
తెల్లారితే మళ్లీ ముప్పై ఆరు.