మాట్లాడని లైను

కుక్ టౌన్‌లో, కుట్టుమిషన్ల షాపు పైన మేడగది.
ఆదివారం పదిన్నరకి ఎనిమిది కుర్చీలు గుండ్రంగా.
పాస్టరు లేడు. పాట లేదు. కానుకల సంచీ తిరగదు.
మొదటిసారి వచ్చినప్పుడు
ఎవరో ఆలస్యమైనట్టుంది, ఇంకా మొదలెట్టలేదనుకున్నాను.
గంటయ్యాక లేచి, చేతులు కలిపి,
టీ పోశారు.

మాది నెల్లూరు బాప్టిస్టు ఇల్లు.
మా నాన్న ప్రార్థన ఎత్తుకుంటే
వీధి చివర జట్కావాడు ఆమెన్ అనేవాడు.
నేను ముప్పైనాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో
ఊళ్ళ నోళ్ళకి ఊళ్ళ చెవులు తగిలించినదాన్ని.
మాటలతో విసిగి వచ్చాను ఈ క్వేకర్ల దగ్గరికి.
దేవుడి కోసమని చెప్పలేను.

ఇప్పుడు తొమ్మిదో కుర్చీలో లాప్‌టాప్.
అందులో ఇటార్సీ నుంచి ఎలీషా లాల్ గారు,
తాతల నాటి నుంచీ 'స్నేహితులు' వాళ్ళు.
మ్యూట్ నొక్కితే మౌనమేనా అని ఓ ఏడాది తగువు.
తగువంటే, ఇక్కడ ఒకరన్నాక రెండోవారు
కాసేపు ఆగాలి.
ఆ ఆగడంలోనే సగం కోపాలు చల్లారిపోతాయి.

చిప్పులు డిజైన్ చేసే ప్రమథ్ గుమ్మంలోనే అడిగాడు:
"నేను దేవుణ్ణి నమ్మను. కూర్చోవచ్చా?"
"కుర్చీ నిన్నేమైనా అడిగిందా?" అన్నారు డోర్కస్ గారు.

పోయిన జులైలో, మినిట్స్ పుస్తకంలో
'దేవుని నడిపింపు చొప్పున' దగ్గర ఆమె పెన్ను ఆగింది.
"అది నా నోట అబద్ధమవుతుంది," అన్నాడు ప్రమథ్,
"కోర్టులో ఒట్టు కూడా వేయని వంశం కదా మీది."
స్క్రీన్ లోంచి ఎలీషా గారు:
"అది తీసేస్తే నాకేం మిగులుతుంది బాబూ."

చేతులెత్తి లెక్కపెట్టడం ఇక్కడ లేదు.
నాలుగు నెలలు కూర్చున్నాం.
కింద మిషన్ల మోటార్లు, అవతల మెట్రో తవ్వకం.
ఒక వారం కరెంటు పోయి యూపీఎస్ కీచుమంది,
అదీ ఏదో చెప్పబోయి మానేసినట్టు.

ఐదో నెలలో ఎలీషా గారే అన్నారు:
"ఆ మాట చోటు ఖాళీగా వదలండి.
నేను నాది చదువుకుంటాను. అబ్బాయి తనది."
డోర్కస్ గారు వదిలారు, రెండు వేళ్ళ మేర.
ప్రమథ్ ఏమీ అనలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు,
తుడిచిందే తుడుచుకున్నాడు.

ఇది తెలివో, తప్పించుకోవడమో నాకింకా తేలలేదు.
బూడిదరంగు బట్టల పాతకాలం వాళ్ళు ఏమనేవారో.
హెడ్‌సెట్ పెట్టుకుని బతికినదాన్ని, నాకు తెలిసిందొకటే:
చచ్చిన లైను వేరు.
అవతల ఎవరో ఉండి మాట్లాడని లైను వేరు.
రెండింట్లోనూ చప్పుడుండదు.
మొదటిది పీకేస్తాం.
రెండోదాన్ని
పెట్టేయబుద్ధి కాదు.