చుక్క పెట్టిన మాట

నరసాపురం రేవులో పంటు మీద టిక్కెట్లు చింపే పని నాది.
సుగుణరత్నం టీచరు రోజూ ఏడూ నలభై పంటుకి
సఖినేటిపల్లి బడికి దాటేవారు.
టిక్కెట్టు వెనక పెన్సిలుతో ఏదో రాసుకునేవారు,
ఒక్కోసారి దాన్ని ఇంజను పక్కనే మరిచిపోయేవారు.
డీజిలు మరకల మధ్య
తెలుగు అక్షరాల్లో తెలుగు కాని మాటలు.
ప్రతి మాటకీ ముందు ఒక చుక్క.

"ఈ చుక్కేంటండి, పెన్సిలు జారిందా?"
"కాదయ్యా. ఈ మాట రాసిపెట్టినవాడు లేడని గుర్తు.
కొట్టుకొచ్చిన వలముక్కలు నాలుగు చూసి
అసలు వల కన్ను ఎంతుండేదో లెక్కకట్టడం."

రెండున్నర వేల ఏళ్ల కిందటట.
ఉత్తరాన చలి సముద్రాల ఒడ్డున
బార్లీ చల్లుకునే జనం
'ప' అనబోయి పెదాలు పూర్తిగా మూయడం మానేశారట.
మన పాదం అక్కడ *ఫోత్స్.
ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలీదు,
ముందుపళ్లు ఊడిన ముసలాడో,
వేరే యాసతో కాపురానికొచ్చిన కోడలో.
ద పోయి త అయింది, దశ అన్నది *తెహున్.
గ పోయి క అయింది, గోవుక్కూడా తప్పలేదు.
"అన్ని మాటలకీనా అండీ?"
"ఉప్పునీరు ఎక్కితే ఒక్క చేనే చవుడవుతుందా?"

తర్వాత్తర్వాత ప్రతి మాటకీ
తలమీదే బరువు పెట్టడం అలవాటైందట.
తల నిలిచింది, తోక అరిగింది.
మా లంకలకి మటుకు ముందు తలే కోసుకుపోతుంది.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ
పొరుగున ఫిన్నులు ఎప్పుడో ఎరువు తెచ్చుకున్న 'రాజు' మాట
వాళ్లింట్లో ఇవాళ్టికీ తోకతో సహా ఉందట, కునింగాస్ అని.
ఇచ్చినవాళ్లే తమది నలగ్గొట్టుకున్నారు.

"మరి మనకేం మిగిలిందండీ వాళ్ల దగ్గర్నుంచి?"
టీచరు నవ్వాపుకోలేకపోయారు.
"పాలకొల్లులో బట్టల వ్యాపారం చేసిన డచ్చివాళ్లు
ఇల్లు అనే మాట ఒకటి వదిలిపోయారంటారు.
చుక్క పెట్టిన *హూస అది, మహా పాతది.
ఏ ఇల్లో తెలుసా? కక్కూసు."
పంటు పంటంతా నవ్వింది,
చేపల గంపల వాళ్లు, మోటారుసైకిళ్ల వాళ్లు, నేనూ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా అమ్మ పుట్టిన లంక వరదకి పోయింది.
రెవెన్యూ కాయితాల్లో నంబరుంది, పేరు లేదు.
జనాన్ని మూడు కాలనీల్లో సర్దారు.
ఆదివారం సైకిలేసుకుని తిరిగాను.

కొల్లాటి ఏసుబాబు కంట్లంక అన్నాడు.
లంకే నరసాయమ్మ వల అల్లుతూనే గన్లంక అంది.
బొమ్మిడి పెంటయ్య గండ్లంక అని,
వెంటనే కాదేమో అన్నాడు.
మా అమ్మ ఏ పేరూ అనేది కాదు,
"అవతల" అనేది.

ఏసుబాబు వీధిలో చెవొగ్గి నిలబడ్డాను.
అక్కడ గంపని కంప అంటున్నారు,
గుండుని కుంటు అంటున్నారు.
ఒళ్లు జలదరించింది.
చలి సముద్రం దాకా వెళ్లక్కర్లేదన్నమాట.

సోమవారం టిక్కెట్టు వెనక రాసి చూపించాను:
*గండిలంక.
టీచరు కళ్లజోడు పైటకొంగుతో తుడుచుకున్నారు.
"గండి పడకముందు నించీ ఉన్న పేరా ఇది,
పడ్డాక వచ్చిందా?"

గట్టు కేసి చూశాను. నీళ్లు చూశాను.
తెలీదండి, అన్నాను.
"అయితే ఒకటి చాలదు" అంటూ
నా చుక్క పక్కన ఇంకో చుక్క పెట్టారు.

పంటు అవతలి రేవుకి తగిలింది.
తాడు విసరమని ఎవరో అరుస్తున్నారు.
ఆవేళ టీచరు టిక్కెట్టు డబ్బులివ్వడం మరిచిపోయారు,
నేనూ అడగలేదు.