ఊకెనే

విద్యానగర్‌లో మా డైనింగ్ టేబుల్ మీద
ఈమధ్య కంచాల కన్నా రసీదులే ఎక్కువ.
ముప్పై ఒక్క ఏళ్లు పికెట్ డిపోలో
కండక్టర్ల వేబిల్లులు దిద్దినవాణ్ణి.
రిటైరయ్యాక మోటారుసైకిల్ క్లబ్బు పిల్లలు వచ్చి
"మా కాగితాలు చూసిపెడతారా అంకుల్?" అన్నారు.
నాకు లూనా కూడా సరిగ్గా రాదు.
ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

నియమం చిన్నదే:
ఇరవై నాలుగు గంటల్లో పదహారు వందల కిలోమీటర్లు.
నడిపితే చాలదు, నడిపినట్టు కాగితం ఉండాలి.
బయల్దేరేచోట ఒక సాక్షి, చేరేచోట ఒక సాక్షి,
పెట్రోలు పోయించిన ప్రతిచోటా ఒక రసీదు,
రసీదూ మీటరూ ఒకే ఫొటోలో,
ఆ ఫొటోలో బొటనవేలు అడ్డం రాకుండా.

ఈ వారం కవరు ఈరవేణి పుష్పలీలది.
బ్లడ్ బ్యాంకులో ఉద్యోగం.
సంచి మీద గంటా నిమిషం రాసి రాసి అలవాటైన చెయ్యి,
ఒకటికీ ఏడుకీ తేడా తెలుస్తోంది.
మేడ్చల్, సాయంత్రం ఆరూ పది. సాక్షి యాకయ్య, బంకులో పని.
నిర్మల్, తొమ్మిదీ రెండు.
నాగపూర్, రాత్రి రెండుకు ఐదు తక్కువ.
గుత్తి రసీదు మాత్రం తెల్లగా ఉంది,
ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే
ఒంటిగంటా పది అని నీడలా తేలింది.
వేడికి అచ్చయి వేడికే చెరిగిపోయే కాగితం ఇది.
జాకెట్టు జేబులో, మార్చి ఎండలో,
ఆమె ఒంటి చెమటే దాన్ని తినేసింది.
ముందు నల్లకుంట పోయి జిరాక్సు తీయించాను,
మిగిలిన అంకెలైనా దక్కుతాయని.

అన్నీ సరే.
నిర్మల్‌కీ ఆదిలాబాద్‌కీ మధ్య, ఇచ్చోడ దాటాక,
నలభై ఒక్క నిమిషాలు.
"ఆగాను" అని రాసింది.
కారణం గడి ఖాళీ.

ఫోన్ చేశాను.
"పంచరా అమ్మా?"
"కాదు సార్."
"నిద్రా?"
"నిద్ర రాలే."
"ఎవరన్నా ఆపారా?"
"లే."
అవతల కుక్కరు రెండు కూతలు కూసింది.
"ఊకెనే ఆగిన సార్. ఇంజను బంజేసి, లైటు తీసేసి,
ఊకెనే నిలబడ్డ."

నా ఫారంలో పంచరు ఉంది, ట్రాఫిక్కు ఉంది,
ఒంట్లో నలతకు కూడా ఒక గడి ఉంది.
ఊకెనేకి లేదు.

తొంభై ఎనిమిదిలో రాజలింగం అని ఒక కండక్టరు.
తూప్రాన్ దాటాక బస్సు పన్నెండు నిమిషాలు నిలబడింది.
ఎందుకు? అన్నచోట రాశాడు:
వాన వెలిసింది.
వానొస్తే ఆగుతారు గాని వెలిస్తే ఆగుతారా అని
ఎర్రసిరాతో మెమో ఇచ్చాను.
జవాబు ఇవ్వలేదు మనిషి. ఇంక్రిమెంటు పోయింది.
ఆ ప్రయాణికుల్లో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదన్నది
ఫైలులో ఉంది. అప్పుడు చదవలేదు.

సాక్షి సంతకం సరిచూడ్డానికి నిన్న మేడ్చల్ వెళ్లాను.
యాకయ్య గాలి పైపు చుడుతూ చెప్పాడు:
"పోయేటప్పుడు ఆమె చేతులు వణికినయ్ సార్.
మల్లొచ్చినప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచింది.
ఈ బంకుల ఎవ్వలు పిలుస్తరు పేరుతోని?"
అతని వాంగ్మూలంలో ఇది పట్టదు, రాసుకోలేదు.
లారీలు నాగపూర్ వైపు పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి.
తిరుగు బస్సులు రెండు వచ్చాయి. పోనిచ్చాను.

రాత్రి టేబుల్ తుడిచి లెక్క ముగించాను.
దూరం: పదహారు వందల ముప్పై ఒకటి.
కాలం: ఇరవై మూడు గంటల ముప్పై ఒక్క నిమిషాలు,
ఆ నలభై ఒకటీ కలుపుకునే.
ధ్రువీకరించడమైనది.

కారణం గడిలో, నల్లసిరాతో,
ఆమె చెప్పిన మాటే రాశాను.
పైవాళ్లు తిప్పి పంపితే పంపనీ.
కొమ్ము ఎక్కడ పెట్టాలో మాత్రం
రెండుసార్లు చూసుకున్నాను.