అన్‌డిఫైన్డ్ అనే దీవి

నార్వే ఉత్తరపు కొసన, ఫియోర్డ్ రేవులో
శనివారం పొద్దున్న ఎలక్ట్రానిక్ పలకమీద
పడవ వెళ్ళే ఊరి పేరు ఉండాల్సిన చోట
'అన్‌డిఫైన్డ్' అని పడింది.
బోర్గ్‌హిల్డ్ మామ్మ రెండు సంచులూ కింద పెట్టి
"అరవై ఏళ్ళుగా ఈ నీళ్ళమీదే తిరుగుతున్నా,
ఈ దీవి ఎక్కడుందయ్యా?" అంది.

ఆ పలక ప్రోగ్రాం నాదే.
నీళ్ళు నమిలాను.

సోమవారం నలుగురం కూర్చున్నాం.
జావాస్క్రిప్టుతో పడింది చాలు,
ఎవరికి నచ్చిన భాషలో వాళ్ళు రాసి చూపించాలి.
అదే పలక, అవే ఆరు పడవలు, వారం గడువు.

అస్లాక్ క్లోజర్‌స్క్రిప్ట్ పట్టాడు.
బ్రాకెట్లో బ్రాకెట్టు, ఉల్లిపాయ పొరల్లా.
అయితేనేం, పేజీ కన్ను ఆర్పకుండానే
లోపల కోడు మార్చేస్తాడు
నడిచే బండికి చక్రం మార్చినట్టు.
"తప్పు రాస్తే?" అన్నాను.
"రేవులో తెలుస్తుంది."
అబద్ధం చెప్పడు అస్లాక్.

సున్నీవాది ప్యూర్‌స్క్రిప్ట్.
రెండు రోజులు ఒక్క పడవా కదల్లేదు,
టైపులే, టైపుల మీద టైపులే.
మూడోనాడు ఆరూ ఒక్కసారి కదిలాయి.
ముచ్చటేసింది.
ఆమె సెలవు పెడితే దాన్ని ముట్టుకునేదెవరు?

ఐవిన్ రీస్క్రిప్ట్
భోజనాల వేళకే తయారు.
పాత కోడు పక్కనే సర్దుకు కూర్చుంది
పేచీ ఎరగని పొరుగువాడిలా.

నా వంతుకి ఎల్మ్.
కొత్త వెర్షన్ వచ్చి ఏళ్ళయింది.
జావాస్క్రిప్టుని గడప తొక్కనివ్వదు,
పనుంటే కిటికీలోంచి చీటీ అందించాలి.
తప్పు చేస్తే మాత్రం తిట్టదు,
కూర్చోబెట్టి చెబుతుంది:
ఇక్కడ ఊరి పేరు అడిగాను,
నువ్విచ్చింది 'ఏమో'.

ఏమో, గుర్రం ఎగరావచ్చు.
ఎంత తేలిగ్గా అనేస్తాం!
ఎల్మ్ ఊరుకోదు.
ఎగిరితే సరే,
ఎగరకపోతే ఏం చేస్తావో
అదీ రాసి కదులు.

రాయబోయాను.
ఊరి పేరు లేకపోతే...
సున్నీవా, ఐవిన్ కూడా ఇక్కడే ఆగారట.
అస్లాక్‌ని ఎవరూ ఆపలేదు, తనే ఆగాడట.
'సమాచారం లేదు' అని రాసి చెరిపాను.
చిన్న గీత పెట్టి అదీ చెరిపాను.
ప్రశ్న అడిగే కంపైలర్లే అన్నీ,
జవాబిచ్చేది ఒక్కటీ లేదు.

మెట్లు దిగాను. మామ్మ బెంచీమీదే ఉంది.
"ఊరు తెలీకపోతే పలకమీద ఏం రాయమంటావు?"
"కెప్టెన్ని అడగండి అని రాయి.
ఆయనకి తెలీకుండా పడవ కదలదుగా."

అదే రాశాను. కంపైలయింది.

ఏ భాష తీసుకోవాలో ఇంకా తేలలేదు.
మామ్మ వాక్యం మాత్రం
నాలుగు ప్రోగ్రాముల్లోనూ ఉంది.