తరుగు

పత్తి ఏరినన్నాళ్లు కాంటకు భయపడలే నేను.
ఏడో నెల్ల గూడ దినాం ముప్పై కిలోలు.
నడుముకు ఒడి కట్టుకుంటే
కడుపు మీద పత్తి, పత్తి కింద నువ్వు.
సేట్ మనిషి ముల్లు చూడకముందే
ఎంతున్నదో నా భుజం చెప్పేది.

పాలమూరు పెద్దదవాఖానల
నిన్ను జోకి నర్సమ్మ గట్టిగ చదివింది:
కిలో ఆరువందల ఎనభై.
పక్క మంచం ఆమె నా దిక్కు చూసి
కొంగు సర్దుకున్నది.

నీ కాలికి పట్టీ, బేబీ ఆఫ్ సుగుణ.
పద్నాలుగు దినాలు గాజుపెట్టెల నువ్వు,
వరండాల చాప మీద నేను.
మైకుల సుగుణా అని పిలిస్తే
ఎవరినో అనుకొని కూసున్న.

ఏం తిన్నవే, అన్నది అత్త.
ఏం తినలే, అన్నది అమ్మ.
మీ నాయిన ఏమనలే.
జడ్చర్ల మార్కెట్ల పత్తికి తేమున్నదని
క్వింటాలుకు రెండు కిలోల తరుగు తీసిండ్రని
ఆ రాత్రి గోడకు చెప్పుకున్నడు.
నీ తూకంల పోయిన తరుగు
ఎవరి చిట్టీల రాసిండ్రో
నేను అడగలే.

కంగారూ లెక్క రొమ్ముల నడుమ కట్టుకో, అన్నది నర్సమ్మ.
కంగారూను నేనేడ చూసిన?
ఒడి కట్టుడు ఎరుక.
పత్తి ఒడిల్నే నిన్ను కట్టుకున్న.
పత్తే నయం, ఏడ్వదు.

ఇంటికొచ్చినంక
దువ్వెన గూట్ల ఉంటది, చెయ్యి పోదు.
పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే
చూస్తనే ఉంట.
చూడొచ్చినోళ్లు, గింతున్నదేందే, అని
వేలు చూపెడితే
ఆ వేలంత నేనైపోత.
ఒక మాపటేళ మోటరు బావి దాంక నడిచిన.
ఎందుకో చెప్ప.
గట్టు కింద ఎవరిదో మేకపిల్ల అరిచింది.
రవిక తడిసింది.
ఒళ్లుకు యాదికున్నది, నాకే లేదు.
మర్లి వచ్చిన.

ఆశా మణెమ్మ లెక్క తప్పకుండ వస్తది.
దూలానికి కొక్కెం, కొక్కేనికి గుడ్డ ఊయల,
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతల మీద ముల్లు.
అది ఊగి ఊగి నిలిచేదాంక
ఇంట్ల ఎవరూ ఊపిరి తీసుకోరు.
నలభై రెండో దినం
రెండు కిలోల మూడువందల యాభై.
పసుపులకొచ్చింది, అని
అత్త చక్కెర పంచింది.
నా నోట్లె గూడ పోసింది.
తీపి తెల్వలే.

అందరు పోయినంక
మణెమ్మ రిజిస్టరు మూసి, అట్లనే కూసొని,
రాత్రి నిద్ర పడుతున్నదా, అన్నది.
అక్కా, ఈ పిల్ల మీద నాకు పావురం వస్తలేదు.
అనేసిన.
తప్పనలే ఆమె.
కొక్కెం విప్పుకుంట,
నా పెద్దోడు రెండు కిలోలు లేకుండె,
వాణ్ని నా కొడుకనుకోనీకె ఐదు నెలలు పట్టింది,
ఎవరికీ చెప్పలే, చెప్పేదుండె, అన్నది.
ఇప్పుడు లారీ నడుపుతుండు, నాకే ఎదురు మాట్లాడుతడు.
సోమారం పాలమూరు పోదాం,
డాక్టరమ్మ ఉన్నది, కాంట తియ్యది,
కుర్చీ వేసి మాట్లాడిస్తది.

సోమారానికింక మూడు దినాలు.
నిన్ను ఒడిల కట్టుకొని వాకిట్ల తిరుగుతున్న.
ఇయ్యాల జర బరువనిపిస్తున్నవు.
నువ్వే పెరిగినవో,
నా భుజానికి తూకం మర్లొస్తున్నదో.
కాంట మణెమ్మ సంచిల పోయింది.