ఉప్పు గీత

నా పని చాలా చిన్నది.
ముందు షాట్‌లో కొవ్వొత్తి ఎడమచేతిలో ఉంటే
తరవాతి షాట్‌లోనూ ఎడమచేతిలోనే ఉండాలి.
గ్లాసులో యాపిల్ సారా రెండు వేళ్ళ మట్టం దగ్గర ఆగితే
అక్కడే ఆగాలి, మధ్యలో భోజనాలయినా సరే.
డార్ట్‌మత్ రేవు పక్కన, పాత చేపల గోదాంలో
అయిదేళ్ళుగా ముగ్గురు మంత్రగత్తెలకి
పద్దులు రాసే గుమస్తాని నేను.

ఒకటో రూలు, మొదటి సీజన్, రెండో ఎపిసోడ్:
ఉప్పు గీతని చీకటిదేదీ దాటలేదు.
నాలుగోది: మంత్రానికి ఒక జ్ఞాపకం చొప్పున పోతుంది.
(థెస్సా ఇప్పటికి ముప్పయ్యొక్క మంత్రాలు వేసింది.
తాళంచెవులెక్కడ పెట్టిందో కూడా మర్చిపోలేదు.)
తొమ్మిదోది: నీళ్ళ మీద మంత్రం పారదు.
మూడో సీజన్‌లో, ఫెర్రీ మీద, భేషుగ్గా పారింది.
అద్దె కట్టాం కదా, ఏదో ఒకటి జరగాలన్నారు.

మంత్రాలకి కాయలు రాలవంటారు.
మా దగ్గర రాలతాయి,
బడ్జెట్ మిగిలిన వారం.
బొటాబొటీగా ఉన్న వారం
అక్కచెల్లెళ్ళు వంటింట్లో కూర్చుని
మాట్లాడుకుంటారు.

ప్రూయిట్‌కి చీటీ పంపుతాను: పేజీ ముప్పయ్యొకటి చూడండి.
రచయితల గదిలోంచి నవ్వొస్తుంది.
"ఓడెట్, ఎవరికి గుర్తుంటుంది?"
నాకుంటుంది.
గుర్తుంచుకున్నందుకే నాకు జీతం.

అయిదో సీజన్, ఆరో ఎపిసోడ్.
నల్లకోటాయన, అంటే మా చావు,
ఉప్పు గీతని ఒక్క అంగలో దాటేశాడు.
బూటు కింద పలుకులు నలిగిన చప్పుడు కూడా కలిపారు.
మూడు చీటీలు రాశాను, మూడోది ఎర్ర సిరాతో.
సీను బాగుంది కదా, అన్నారు.
బాగుంది.
అదే నా ఏడుపు.

నవంబరులో గ్లేస్ బే నుంచి ఉత్తరం.
పెన్సిలు రాత, ఐలా మెకీచర్న్, పదేళ్ళు.
"అమ్మమ్మ గది గుమ్మానికి సెప్టెంబరు నుంచి
ఉప్పు గీత వేస్తున్నాను.
రోజూ తుడిచి కొత్తది వేస్తాను.
నర్సు తొక్కేస్తోంది, చెప్పినా వినదు.
ఆరో ఎపిసోడ్‌లో ఆయన దాటాడు.
రూలు మారిందా? మీరు తప్పు చేశారా?
త్వరగా చెప్పండి."

అయిదేళ్ళకి దొరికింది, నాలాంటిది ఇంకొకతె!
ఆ రాత్రే జవాబు మొదలుపెట్టాను.
రూలు మారలేదు, ఐలా. జాగ్రత్తగా చూడు,
గీతలో ఎక్కడో సన్నటి సందు ఉండే ఉంటుంది,
ఆ సందులోంచే

పెన్ను అక్కడ ఆగింది.

చలి నేల మీద మోకాళ్ళూని
టార్చి వెలుగులో ఉప్పుపలుకులు
ఒక్కొక్కటే సరిచూసుకుంటూ ఒక పిల్ల.
రేపో మాపో ఆ మంచం ఖాళీ అవుతుంది.
ఆ తెల్లారి, నర్సు మడమ పడ్డ చోట
వేలెడు సందు కనబడుతుంది.
ఇక డెబ్భయ్యేళ్ళు బతికినా
ఆ సందుని పూడ్చుకుంటూనే ఉంటుంది.

తప్పని రూలు
ఎవరో ఒకరిని తప్పు పట్టకుండా వదలదు.
ఇంత చిన్న సంగతి
నా నోటుపుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

చింపేసి, మళ్ళీ రాశాను.
"తప్పు మాదే. లెక్క సరిగా పెట్టుకోలేదు.
ఉప్పు కొన్ని రాత్రులు ఆపుతుంది,
కొన్ని రాత్రులు ఆపదు,
ఎందుకో కథ రాసేవాళ్ళకే తెలీదు.
నీ గీతలో ఏ లోపమూ లేదు.
నర్సుని తొక్కనీ.
నువ్వూ తొక్కుకుంటూ లోపలికి వెళ్ళు,
అమ్మమ్మ పక్కన కూర్చో."

డబ్బాలో వేసి వస్తుంటే
మునిసిపాలిటీ లారీ, మంచు కరగడానికి,
వీధి పొడుగునా ఉప్పు చల్లుకుంటూ పోతోంది.
ఇంటిదాకా ఉప్పులోనే నడిచాను.
గుమ్మం దగ్గర బూట్లు విదిలిస్తే
తెల్లగా రాలింది, వంకరటింకరగా.
కాసేపు చూసి,
దాటి లోపలికి వెళ్ళాను.